ఎనిమిది ఎపిసోడ్లకి రెండేళ్లా? డ్రాగన్ల సీరియల్ కొత్త సీజన్ గురించి మాట్లాడుకుందాం

పెన్నాఒడ్డు (నెల్లూరు) · శుక్రవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రాత్రి ఏడున్నరకి అమ్మ సీరియల్ మొదలవుతుంది. వారానికి ఆరు రోజులు, ఏళ్ల తరబడి వస్తానే ఉండాది. నిన్న నేను హౌస్ ఆఫ్ ది డ్రాగన్ మూడో సీజన్ కబురు కోసం ఫోన్లో వెతుకుతుంటే అమ్మ అడిగింది: "ఏందబ్బయ్యా, పోయినసారిది చూసి రెండేళ్లు కావస్తా ఉంది గదా, అంత డబ్బు పెట్టుకోనుండి కూడా ఎందుకు తీయలేకపోతుండారు?" నేను చెప్పలేకపోయినా.

మొదటి సీజన్ 2022 ఆగస్టులో వచ్చింది, పది ఎపిసోడ్లు. రెండోది 2024 జూన్‌లో, ఎనిమిదే. ఆఖరి ఎపిసోడ్‌లో ఓడలు కదిలినాయి, సైన్యాలు నడిచినాయి, డ్రాగన్లు లేచినాయి, యుద్ధం మాత్రం మొదలవకముందే అయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ కథంటే నాకు అంత ఇష్టం.

అసలు ఒక సీజన్ తయారవడంలో టైమంతా ఎక్కడ పోతుంది? ఆ పని తెలిసినవాళ్లు మన గుంపులో ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

ఒంగోలుగిత్త (ఒంగోలు) · శుక్రవారం రాత్రి 9.34

టైమెక్కడికీ పోవట్లేదు సోదరా, వాళ్లకి పట్టింపు లేదు, అంతే. ఇదే చానెల్ ఇదే లోకం మీద గేమ్ ఆఫ్ థ్రోన్స్ తీసింది. 2011 ఏప్రిల్లో మొదలుపెట్టి 2016 దాకా ఏడాదికొక సీజన్, సీజన్‌కి పది ఎపిసోడ్లు. ఆరేళ్లలో ఒక్క ఏడాది కూడా తప్పలేదు. అప్పుడు చేతనైంది ఇప్పుడు ఎందుకు కాదు? అప్పటికంటే కంప్యూటర్లు పెరిగాయి, డబ్బు పెరిగింది, స్టూడియోలు పెరిగాయి. ఎపిసోడ్లు మాత్రం తగ్గాయి. దీనికి ఎవరైనా జవాబు చెబితే ఒప్పుకుంటా.

గుండ్లకమ్మ_గట్టు (చీమకుర్తి, ఇప్పుడు హైదరాబాద్) · శుక్రవారం రాత్రి 10.20

గిత్త తమ్ముడి ప్రశ్న న్యాయమైనదే. నేను పదకొండేళ్లుగా సినిమా సెట్ల పనిలో ఉన్నాను, ఆర్ట్ డిపార్ట్‌మెంట్. నాకు తెలిసినంత చెబుతా.

డైలీ సీరియల్‌కి ఒక ఇల్లుంటుంది. హాలు, వంటగది, మెట్లు. ఒకసారి వేసిన సెట్టు ఐదేళ్లు నడుస్తుంది. పొద్దున సీను పేపరొస్తుంది, సాయంత్రానికి తీసేస్తారు. అది చిన్న పని అని నేననను, అందులో పనిచేసేవాళ్ల కష్టం నేను చూశాను. కానీ అక్కడ గోడ కొత్తగా కట్టేది లేదు.

ఇక్కడ ప్రతి గోడా కట్టాలి. లండన్ దగ్గర లీవ్స్‌డెన్‌లో స్టూడియోలు. బయటి దృశ్యాలకి స్పెయిన్‌లో కాసెరెస్, పోర్చుగల్‌లో మోన్సాంటో, ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరం, రెండో సీజన్‌కి వేల్స్ కూడా పోయారు. స్క్రిప్టులన్నీ ముందే అయిపోవాలి, ఎందుకంటే ఒకే కోటలో జరిగే ఒకటో ఎపిసోడ్ సీను, ఆరో ఎపిసోడ్ సీను ఒకే వారంలో తీస్తారు. మూడో సీజన్ షూటింగ్ 2025 మార్చిలో మొదలైంది. అంటే దానికి నెలల ముందే వడ్రంగులూ మోల్డింగ్ వాళ్లూ పనిలో దిగి ఉంటారు. తీయడం అయ్యాక గ్రాఫిక్స్, సౌండు, సంగీతం.

రాతిగోడ సంగతి ఒక్కటి చెబుతా. మా నాయన చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో పనిచేశాడు. రాయి ఎట్టా పగులుతుందో, పగిలిన చోట అంచు ఎట్టా ఉంటుందో చిన్నప్పటి నుంచీ నా కళ్లకి తెలుసు. సెట్టు మీద రాతిగోడంటే ప్లైవుడ్ చట్రం, దాని మీద ఫైబర్‌తోనో ప్లాస్టర్‌తోనో పోసిన అచ్చు. ఆ అచ్చు అట్టాగే పెడితే కెమెరాకి కేకు ముక్కలా కనిపిస్తుంది. ముందు ముదురు రంగు కొట్టాలి, ఆరాక పలచటి బూడిద రంగు పూసి తడిగుడ్డతో తుడవాలి. అప్పుడు గుంటల్లో నలుపు నిలిచి, మిట్టల మీద తెలుపు వస్తుంది. చెయ్యి తగిలే ఎత్తులో కాస్త నూనె మెరుపు ఇవ్వాలి, ఎందుకంటే వందేళ్లుగా జనం ఆ గోడ పట్టుకుని నడిచారు కదా. కిందినుంచి జానెడు ఎత్తు దాకా తేమ మరక. ఇది పది అడుగుల గోడకి ఒక మనిషికి ఒక పూట. కోటకి ఎన్ని పది అడుగులో లెక్కేసుకోండి.

కావలి_అట్టలపుస్తకం (కావలి) · శుక్రవారం రాత్రి 11.05

కథ తెలియనివాళ్లు నా పోస్టు దాటేయండి, కొన్ని సంగతులు బయటపడతాయి.

గిత్త అన్నదానికి సగం జవాబు పుస్తకాల్లో ఉంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదలయ్యేసరికి జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నాలుగు నవలలు అచ్చులో ఉన్నాయి, ఐదోది అదే 2011 జూలైలో వచ్చింది. కథ, సంభాషణ, మనుషుల స్వభావం అన్నీ పేజీల్లో సిద్ధం. ఆ పేజీలు అయిపోయాకే కష్టాలు. ఆరో నవల ఇంకా రాలేదు. ఏడో సీజన్ 7 ఎపిసోడ్లకి, ఎనిమిదోది 6కి తగ్గిపోయాయి, ఆ రెంటి మధ్య దాదాపు రెండేళ్ల ఎడం. వేగం తగ్గింది అక్కడే, నాణ్యత కూడా అక్కడే జారింది.

ఇప్పటి సీరియల్‌కి ఆధారం 2018లో వచ్చిన ఫైర్ అండ్ బ్లడ్. అది మామూలు నవల కాదు, ఆ లోకంలోని ఒక పండితుడు రాసిన చరిత్రగా ఉంటుంది. రాజుగారి ఆస్థాన విదూషకుడు ఒకటి చెబుతాడు, పూజారి ఇంకోటి చెబుతాడు, గ్రంథకర్త రెండూ రాసి ఊరుకుంటాడు. నాకైతే అది చదువుతుంటే మన కాటమరాజు కథే గుర్తొచ్చింది. కనిగిరి వైపు గొల్ల గాయకులు పాడితే కాటమరాజు వీరుడు, నెల్లూరు వైపు పద్యాల్లో ఖడ్గతిక్కన వీరుడు. పుల్లరి (పశువుల మేత పన్ను) ఎవరు ఎగ్గొట్టారు, ఆవుల్ని ఎవరు చంపించారు, ఎవరిని అడిగితే వాళ్ల మాట. పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర నెత్తురు పారిందన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు.

అట్టాంటి పుస్తకాన్ని తెరకెక్కించాలంటే ప్రతి సంఘటనకీ "నిజంగా ఏం జరిగింది" అన్నది రచయితలే తేల్చాలి. రెండు వాక్యాల్లో ఉన్న పెళ్లికి గంట సంభాషణ పుట్టించాలి. ఈ పని తొందరలో జరిగేది కాదు. తొందరపడితే ఏమవుతుందో మార్టినే చెప్పాడు. 2024 సెప్టెంబరులో తన బ్లాగులో, కథలోని రాణి హెలేనా చిన్నకొడుకు పాత్రను తీసేయడం వల్ల ముందు ముందు కథలో ఏమేం కూలతాయో వరసగా రాశాడు. కాసేపటికే ఆ పోస్టు తీసేశారు. ఒక పసిపిల్లవాడే కదా అని తీసేస్తే వాడి చావు మీద ఆధారపడిన తల్లి దుఃఖం, ఆ దుఃఖం మీద ఆధారపడిన ఊరి తిరుగుబాటు, అన్నీ పునాది లేకుండా పోతాయి. నేను ఆయన పక్షమే.

ఒంగోలుగిత్త (ఒంగోలు) · శనివారం ఉదయం 7.15

> తొందరపడితే ఏమవుతుందో మార్టినే చెప్పాడు

అన్నా, రెండేళ్లు తీసుకుని కూడా పిల్లవాణ్ణి తీసేశారు కదా! మరి అది తొందర ఎట్టా అయింది? పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీస్తే రచయితలకి పనే ఉండదు. పుస్తకాన్ని మార్చడమే నా దృష్టిలో అసలు తప్పు.

కావలి_అట్టలపుస్తకం (కావలి) · శనివారం ఉదయం 8.02

అందులో నిజముంది, తొందర అన్నమాట అక్కడ సరిపోదు. వెనక్కి తీసుకుంటున్నా. కానీ మార్చడమే తప్పు అంటే ఒప్పుకోను. గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి సీజన్లో కొన్ని ఎపిసోడ్లు నిడివి చాలక, అప్పటికప్పుడు కొత్త సీన్లు రాశారు. అట్టా పుట్టిందే ఐదో ఎపిసోడ్‌లో రాజు రాబర్ట్, రాణి సెర్సీ గదిలో కూర్చుని తమ పెళ్లి గురించి మాట్లాడుకునే సీను. మొదటి నవలలో ఆ ఇద్దరి కంటితో చెప్పిన అధ్యాయం ఒక్కటీ లేదు, కాబట్టి పుస్తకంలో ఆ సీను ఉండే వీలే లేదు. ఇద్దరు మనుషులు, ఒక గది, ద్రాక్షసారా. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు యుద్ధాలకంటే ముందు అదే గుర్తొస్తుంది.

యుద్ధానికి పోయి ఓడి వచ్చిన ఖడ్గతిక్కనకి భార్య స్నానానికి నీళ్లు పెట్టి, చాటుకి మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపుముద్ద ఉంచుతుంది. తల్లి విరిగిన పాలు పోసి, నువ్వు విరిగి వచ్చావు, పాలూ విరిగాయి అంటుంది. పంచలింగాల యుద్ధంలో ఎన్ని వేలమంది చచ్చారో మనలో ఎవరికీ తెలియదు. ఆ పసుపుముద్ద మాత్రం మా నాయనమ్మకీ తెలుసు.

మైపాడు_కెరటం (నెల్లూరు, ఇంటినుంచే పని) · శనివారం మధ్యాహ్నం 1.40

నేను గ్రాఫిక్స్‌లో కంపోజిటింగ్ చేస్తాను, అంటే వేర్వేరుగా తీసిన బొమ్మల్ని ఒకే షాటుగా అతికే పని. ఈ సీరియల్‌కి చేయలేదు, వేరే వాటికి. గిత్తన్నా, 2011లో వీలైంది ఇప్పుడెందుకు కాదన్నావు కదా. గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ మళ్లీ చూడు. యుద్ధం మొదలయ్యే క్షణాన ముఖ్యపాత్రల్లో ఒకడైన టిరియన్ తలకి సొంత మనిషి సుత్తే తగిలి పడిపోతాడు, లేచేసరికి యుద్ధం అయిపోయి ఉంటుంది. పుస్తకంలో అతను స్వయంగా యుద్ధం చేస్తాడు. చిత్రీకరించే డబ్బు లేక అట్టా దాటేశారు. డ్రాగన్లు పుట్టింది పదో ఎపిసోడ్ చివర్లో, తర్వాత రెండేళ్లు పిల్లి అంత, కుక్క అంత. ఇప్పుడు మొదటి ఎపిసోడ్ నుంచే ఓడంత డ్రాగన్లు, వాటి మీద మనుషులు.

డ్రాగన్ మీద మనిషిని ఎట్టా కూర్చోబెడతారంటే, కదిలే యంత్రం మీద జీను కడతారు, చుట్టూ పెద్ద ఎల్‌ఈడీ తెరల మీద ఆకాశం నడుస్తుంది, ఫ్యాన్లు గాలి కొడతాయి. ఆ యంత్రం కదలిక డ్రాగన్ రెక్కల ఊపుకి సరిగ్గా సరిపోవాలి, కాబట్టి డ్రాగన్ ఎగిరే తీరు షూటింగ్‌కి ముందే యానిమేషన్లో తేలిపోవాలి. తీశాక జీను చుట్టూ పొలుసులు, కండ, నీడ అన్నీ అతకాలి.

మా పని ఎంత సన్నమో ఒకటి చెబుతా. నాలుగు సెకన్ల షాటంటే 96 ఫ్రేములు. ఒకసారి నాకు ఒక హీరోయిన్ షాటొచ్చింది, గాలికి జుట్టు ఎగురుతోంది, వెనక ఆకుపచ్చ తెర. ఒక్కొక్క వెంట్రుక అంచున ఆకుపచ్చ మెరుపు ఉంటుంది, దాన్ని తీసేస్తే వెంట్రుకే పోతుంది, ఉంచితే జుట్టు పాచి పట్టినట్టుంటుంది. పన్నెండు రోజుల పని. నేను అప్పుడు చేస్తున్న కంపెనీ నాలుగు రోజులిచ్చింది. మూడు రాత్రులు ఆఫీసులోనే పడుకున్నా, ఆఖరికి జుట్టు అంచులు మసకబార్చి పంపించేశాం. ఆ సినిమా నెల్లూరులో మా అక్కతో కలిసి చూశా. ఆ షాటు వచ్చినప్పుడు నేను తల దించుకున్నా. ఎవరూ గమనించలేదు, కానీ నాకు ఇప్పటికీ బాధే. అందుకే ఎవరైనా "ఇంకో ఆరు నెలలు తీసుకుంటాం" అంటే నాకు కోపం రాదు. ఆ ఆరు నెలల్లో ఎవరో ఒకరు ఇంటికెళ్లి పడుకుంటారు.

వెంకటగిరి_అంచు (వెంకటగిరి) · శనివారం సాయంత్రం 5.25

అందరూ డ్రాగన్ల గురించే చెబుతున్నారు, బట్టల గురించి నేను చెబుతా. మాది మగ్గం ఇల్లు. జాందానీ పని, నూరో నంబరు నూలు.

గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి బట్టలు చేసిన మిషెల్ క్లాప్టన్ 2016లో ఒక ప్రసంగంలో చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. మంచుగోడ కాపలావాళ్లు వేసుకునే ఆ బరువైన బొచ్చు దుప్పట్లున్నాయే, వాటిలో చాలా మటుకు ఐకియా దుకాణంలో నేలమీద పరిచే బొచ్చు చాపలట. వాటిని కత్తిరించి, అక్కడక్కడా గొరిగి, తోలు పట్టీలు కుట్టి, మైనం రుద్ది, మంచు పట్టినట్టు చేసి, ఏళ్ల తరబడి వాడి మాసిపోయినట్టు చేశారు. కొన్నది ఒక్క రోజు. మాపింది ఎన్ని రోజులో.

కొత్త బట్ట కెమెరాకి పనికిరాదు. మా ఇంట్లో కొత్త చీర మడతమీద మెరుస్తుంది. పదిసార్లు కట్టిన చీర మోకాలి దగ్గరా, కుచ్చిళ్ల అడుగునా, భుజం మీదా వేరేగా వాలుతుంది. ఆ వాలు తెప్పించడానికి రాయితో రుద్దాలి, ఉడకబెట్టాలి, ఎండలో వేయాలి. సైనికులు 300 మంది ఉంటే 300 బట్టలూ ఒకే చోట చిరిగి ఉండకూడదు. తెరమీద వాళ్లు కనిపించేది నాలుగు సెకన్లే కావచ్చు. అయినా ఆ మనిషి నిజంగా అడవిలో పడుకుని లేచాడని మనం నమ్మేది ఆ భుజం మీది మాపు చూసే.

పెన్నాఒడ్డు (నెల్లూరు) · శనివారం రాత్రి 8.50

అక్కా, నీ పోస్టు అమ్మకి చదివి వినిపించినా. "ఆ పిల్ల చెప్పింది నిజం, మన సీరియల్లో నిద్రలేచినా పట్టుచీర నలగదు" అనింది.

ఒంగోలుగిత్త (ఒంగోలు) · శనివారం రాత్రి 9.30

కెరటం తమ్ముడూ, వెంకటగిరి అక్కా, మీరు చెప్పింది మనసుకి తాకింది. పట్టింపు లేదన్న నా మాట తప్పు. క్షమించండి.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. ది వీల్ ఆఫ్ టైమ్ సంగతి తెలుసు కదా. 14 నవలలు. రచయిత రాబర్ట్ జోర్డాన్ 2007లో పోతే చివరి పుస్తకాలు బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశాడు. రచయిత పోయినా కథ ఆగలేదు. సీరియల్ మాత్రం 2021 నవంబరులో మొదలై, సీజన్‌కి ఎనిమిది ఎపిసోడ్ల చొప్పున మూడు సీజన్లు తీసేసరికి 2025 వచ్చింది. మే నెలలో ఆపేశారు. అందరూ బాగా కుదిరిందన్న మూడో సీజన్ తర్వాత! మధ్యలో కోవిడ్, మొదటి సీజన్లోనే ఒక ముఖ్యపాత్రధారి వెళ్లిపోవడం, రెండోదాంట్లో ఆ పాత్రకి వేరే నటుడు. రెండేళ్లు ఆగితే జనం వేరే దానికి పోతారు, జనం పోతే సంస్థ ఆపేస్తుంది, ఆపేస్తే కథ నడిమధ్యలో చచ్చిపోతుంది. అంత శ్రద్ధగా మాపిన బట్టలు అప్పుడు ఎవరి కోసం? దీనికి మీలో ఎవరైనా దారి చెప్పండి, నేను నిజంగానే అడుగుతున్నా.

గుండ్లకమ్మ_గట్టు (చీమకుర్తి, ఇప్పుడు హైదరాబాద్) · శనివారం రాత్రి 10.45

ఒక దారి ఉంది, కొంతవరకు పనిచేస్తుంది. ముగింపు ముందే తేల్చుకోవడం. హౌస్ ఆఫ్ ది డ్రాగన్ నాలుగు సీజన్లతో ముగుస్తుందని దాన్ని నడిపించే ర్యాన్ కాండల్ 2024లోనే చెప్పాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఎన్ని గోడలు కావాలో తెలిస్తే ఏది దాచిపెట్టాలో, ఏది విప్పెయ్యాలో తెలుస్తుంది. మా పనిలో అన్నిటికంటే డబ్బు వృథా అయ్యేది విప్పేసిన సెట్టు మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు.

ఇంకోటి, రాసేవాళ్లు అందుబాటులో ఉండాలి. 2023లో హాలీవుడ్ రచయితల సమ్మె 148 రోజులు నడిచింది. రింగ్స్ ఆఫ్ పవర్ అనే ఇంకో సిరీస్ రెండో సీజన్ చివరి రోజులు దాన్ని నడిపించే ఇద్దరు రచయితలూ సెట్టు మీద లేకుండానే తీయాల్సి వచ్చింది. ఆ సమ్మెని నేను తప్పు పట్టను, వాళ్ల పొట్టకూటి సమస్య అది. కానీ రాసినవాడు పక్కన లేకుండా సెట్టు మీద సందేహం వస్తే ఎవరిని అడగాలో తెలియని స్థితి నేనూ చూశాను.

డబ్బింగ్_మాట (కందుకూరు) · ఆదివారం ఉదయం 6.50

ఆలస్యంగా వచ్చాను. నేను పరభాషా సిరీస్‌లకి తెలుగు సంభాషణలు రాస్తాను, ఏవో చెప్పకూడదు. కావలి అన్న చెప్పిన గదిలో సీను గురించే నాదీ ఒక మాట.

ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. తెలుగులో నువ్వా, మీరా అన్నది మేం తేల్చాలి. ఇద్దరు ఆడపిల్లలు చిన్నప్పటి స్నేహితులు. ఒకమ్మాయి తండ్రి రాజు. రెండో అమ్మాయి ఆ రాజునే పెళ్లాడి మొదటి అమ్మాయికి సవతితల్లి అవుతుంది. రైనీరా, అలిసెంట్‌ల కథంతా ఇదే. 'నువ్వు' ఏ రోజున 'మీరు' అయింది? పెళ్లిరోజునా? కొడుకు పుట్టాకా? నలుగురి ముందు 'మీరు', ఒంటరిగా ఉన్నప్పుడు 'నువ్వు'నా? రెండో సీజన్ ఆఖర్లో అలిసెంట్ రహస్యంగా వచ్చి రైనీరాని కలిసినప్పుడు మళ్లీ 'నువ్వు' అనాలా? నేను రాసేదైతే అక్కడ ఒక్కసారి 'నువ్వు' అని నోరు జారనిచ్చి, వెంటనే 'మీరు'కి మార్చేవాణ్ణి. ఇంగ్లీషులో లేని ఆ తడబాటు మన భాష ఇవ్వగలదు.

కానీ ఆ నిర్ణయం సరిగ్గా చేయాలంటే సీజన్ మొత్తం ముందే చూసి ఉండాలి. మాకు చాలాసార్లు ఒక్కో ఎపిసోడే వస్తుంది, అదీ రేపటికి కావాలంటారు. నాలుగో ఎపిసోడ్‌లో 'మీరు' అని రాశాక, ఏడులో వాళ్లు తోబుట్టువులని తెలిసిన రోజులున్నాయి.

కొండకింద_మాస్టారు (ఉదయగిరి) · ఆదివారం ఉదయం 9.15

మా బడి కిటికీలోంచి చూస్తే ఉదయగిరి దుర్గం కనిపిస్తుంది. కొండ 3 వేల అడుగుల పైమాటే. శ్రీకృష్ణదేవరాయలు 1513లో దీన్ని ముట్టడించాడు, దాదాపు ఏడాదిన్నర పట్టింది. బండల్ని పగలగొట్టించి దార్లు వేయిస్తే తప్ప సైన్యం పైకి పోలేకపోయింది. 1514లో కోట చేతికొచ్చాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఏడో సీజన్లో గడ్డకట్టిన చెరువు నడిమధ్య కొందరు చిక్కుకుంటారు. ఒకడు మంచుగోడ దాకా పరుగెత్తుతాడు, కాకి వందల మైళ్లు ఎగిరి కబురు చేరవేస్తుంది, డ్రాగన్లు అంత దూరం తిరిగి వస్తాయి. అప్పటిదాకా వీళ్లు ఆ రాతి మీదే ఉన్నారు. అదే లోకంలో మొదటి సీజన్లో రాజు రాజధాని నుంచి ఉత్తరానికి రావడానికి నెల పైన పట్టింది. దూరం అట్టా కరిగిపోయాక నాకు భయం పోయింది. శత్రువు ఎప్పుడైనా ఎక్కడికైనా రాగలిగితే కోట ఎందుకు, కాపలా ఎందుకు?

మా పిల్లల్ని ఏటా కొండ ఎక్కిస్తాను. సగం దారిలో ఒక మలుపు దగ్గర అందరూ కూలబడతారు. "సార్, దీన్ని ఏడాదిన్నర ఎక్కారా?" అని పోయినేడు ఒక పిల్ల అడిగింది. చేతిలో ఖాళీ నీళ్లసీసా, కాళ్లకి ముళ్లు. ఆ ఒక్క మలుపుని ఎవరైనా తీరిగ్గా తెరమీద చూపిస్తే నేను మూడేళ్లయినా ఎదురుచూస్తాను. ఎనిమిది ఎపిసోడ్లలో కుదరకపోతే పది అడగాలి గానీ, మలుపు తీసేయకూడదు.

ఒంగోలుగిత్త (ఒంగోలు) · ఆదివారం ఉదయం 9.40

మాస్టారూ, నమస్కారం. ఇన్నేళ్లూ పక్క జిల్లాలో ఉండి ఒక్కసారి కూడా ఎక్కలేదు. వచ్చే ఆదివారం నేనూ, మా తమ్ముడూ వస్తాం. మీరు తోడు రాగలరా?

పెన్నాఒడ్డు (నెల్లూరు) · ఆదివారం ఉదయం 9.52

నేను కూడా వస్తా మాస్టారూ. కెరటం కూడా నాతోనే బండెక్కుతానంటుండాడు.

కొండకింద_మాస్టారు (ఉదయగిరి) · ఆదివారం ఉదయం 10.30

తప్పకుండా రండి నాయనా. శనివారం రాత్రికే వచ్చి మా ఇంట్లో పడుకోండి. తెల్లారుజామున ఐదున్నరకి మొదలుపెట్టాలి, ఎండెక్కితే బండలు కాలుతాయి. మనిషికి మూడు సీసాల నీళ్లు, కాళ్లకి బూట్లు. ఆ మలుపు దగ్గర పులిహోర తిందాం.